నాలుగు పలకల బిళ్ళ

పిన్ని పోయి, జరగవలసినవన్నీ జరిగి, చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళాక మా చెల్లెలు గౌరి రిసాలి నుంచి ఫోను చేసింది. పిన్ని దాచుకున్న పాతకాలపు నాణేలను మ్యూజియానికి ఇచ్చేద్దామనుకుంటున్నానని, ఇచ్చేముందు అందులో నాకు బాగా నచ్చినది ఒకటి ఉంచుకోమని, ఏది కావాలో చెబితే తీసి పక్కన పెడతానని అంది. గౌరి పిన్ని కడుపున పుట్టింది, నేను కాదు. అయినా ఆ నాణేల మాట వచ్చేసరికి ముందు నన్నే అడగాలని దానికి తోచింది. నాకిక వద్దమ్మా, నాది నేను ఎప్పుడో తీసేసుకున్నాను అన్నాను. ఎప్పుడని అడిగింది. నువ్వు పుట్టకముందు, సెక్టర్ సెవెన్ క్వార్టరులో ఉన్నప్పుడు అన్నాను. అంతకుమించి ఫోనులో చెప్పలేకపోయాను. ఆ పూటంతా ఏ పని మీదా చెయ్యి నిలవలేదు. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. తుడుస్తూ నిలబడితే ఆ కాలిన పాలవాసనలోంచి మా పాత క్వార్టరు వంటిల్లు, దాని కిటికీ ఊచలు, ఊచల మీద పేరుకున్న ఎర్రటి పొడి ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చాయి.

మాది కింది అంతస్తు క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా, వెనక ఒక జామచెట్టుకు సరిపడా పెరడు. నాన్న ఉక్కు ప్లాంటులో, కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. కొలిమికి పంపే ముందు బొగ్గును కాల్చే చోటది. ఆయన ఇంటికి వస్తుంటే ముందు ఆ వాసన వచ్చేది, తర్వాత సైకిలు గంట వినిపించేది. కాలిన బొగ్గూ, తారూ, చెమటా కలిసిన వాసన. సబ్బుతో ఎంత రుద్దుకున్నా చెవుల వెనక కాస్త మిగిలిపోయేది. నైట్ షిఫ్టు వారాల్లో పగలంతా ముందుగదిలో కూలర్ పెట్టుకుని పడుకునేవాడు. ఆ వారాల్లో మా ఇంట్లో ఎవరూ గొంతెత్తేవారు కాదు. గిన్నె దించితే గుడ్డ మీద దించాలి, తలుపు వేస్తే వేలు అడ్డం పెట్టి వేయాలి. కూలర్లోని తడి వట్టివేళ్ళ వాసన, నాన్న గురక, బయట ఎండ. వేసవి మధ్యాహ్నం అంటే ఇప్పటికీ నాకు అదే.

ఇంటిని నడిపేది మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి. శ్రీకాకుళం పక్కనున్న మా పల్లె నుంచి కొడుకు వెంట వచ్చి, హిందీ ఒక్క ముక్క నేర్చుకోకుండానే వీధి మొత్తాన్ని ఏలింది. ఆకుకూరలమ్మే ఛత్తీస్‌గఢీ బాయితో మామ్మ తెలుగులో బేరమాడేది, ఆవిడ తన భాషలో జవాబిచ్చేది, చివరికి ఇద్దరూ నవ్వుకుని విడిపోయేవారు. పొద్దున్నే వరండాలో గోడకు ఆనుకుని చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. పక్క క్వార్టరు బిహారీ పిల్లలు అది చూడటానికే గేటు దగ్గర చేరేవారు. ఊరి నుంచి ఎవరొచ్చినా ఎండు నెత్తళ్ళ చేపలు తేవలసిందే. అవి వేగిన రోజున మాత్రం ఆ పిల్లలు ముక్కులు మూసుకుని పారిపోయేవారు. మొక్కుబడి చెల్లించడానికి నాకు సింహాచలం అని పేరు పెట్టారు. ఆ పేరు బడిలో ఎవరి నోరూ తిరగక సిమ్మీ అయింది. మామ్మకు మాత్రం సిమ్మాలునే. బయట హిందీ, ఇంట్లో మామ్మ తెలుగు. రెండింటి మధ్య నా నాలుక ఎటు పడితే అటు తిరుగుతుండేది.

నన్ను కన్నతల్లి నాకు సరిగ్గా గుర్తులేదు. మంచం మీద పడుకుని ఉండేదని, తలగడ పక్కన ఎప్పుడూ మందుబిళ్ళల సీసాలు ఉండేవని మాత్రం గుర్తు. ఆమె పోయాక కొన్నేళ్ళు మామ్మ, నేను, నాన్న అలాగే గడిపాం. తర్వాత నాన్న ఊరెళ్ళి పిన్నిని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆమె పేరు సత్యవతి. వంశధార ఒడ్డున, శాలిహుండం కొండకు దగ్గరలో వాళ్ళ ఊరు. తండ్రి బడిపంతులు. తల్లి లేని ఇంట్లో ఆయనకు వండిపెడుతూ, ఆయన మంచాన పడితే చూసుకుంటూ ఉండిపోయి, ఆయన పోయేనాటికి పెళ్ళీడు దాటిపోయిందని ఊళ్ళో అనుకున్నారట. రైలు దిగినప్పుడు ఆమె చేతిలో ఒక ట్రంకుపెట్టె, చంకలో పాతచీర ముక్కలో మూటకట్టిన గుండ్రటి బిస్కెట్ డబ్బా ఉన్నాయి. ట్రంకుపెట్టె కూలీకి ఇచ్చింది గానీ డబ్బాను మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇంటికి రాగానే దాన్ని వంటింటి అటక మీద పెట్టేసింది.

మామ్మ ఊరుకుంటుందా. మర్నాడే అందులో ఏమున్నదని అడిగింది. బిళ్ళలు అంది పిన్ని. అంతకుమించి అడగలేదు, చెప్పలేదు. కొత్తకోడలు సిగ్గుతో తల వంచుకుని అన్న ఆ ఒక్క మాట మా ఇంటిని చాలా రోజులు వణికించింది. బిళ్ళలంటే మామ్మకు తెలిసినవి ఒకటే. ఒక కోడలు బిళ్ళలు మింగుతూ మింగుతూ కళ్ళ ముందే పోయింది. ఇప్పుడు ఇంకో రోగిష్టిదాన్ని అంటగట్టారని, పెళ్ళీడు దాటేదాకా ఎవరూ చేసుకోకపోవడానికి కారణం ఇదేనని ఆమె లెక్కకట్టుకుంది. కొడుకుతో అనలేదు. రెండోసారి కూడా వాడి గుండె పగలడం ఎందుకని కాబోలు. పిన్ని మధ్యాహ్నాలు వంటింటి తలుపు చేరవేసుకుని ఆ డబ్బా దించుకోవడం మామ్మ కనిపెట్టింది. మందు వేసుకుంటోందనుకుంది. ఒకరోజు నాకు జడ వేస్తూ, దువ్వెన ఆపి చెవిలో చెప్పింది.

“మీ యమ్మలాగే ఇదీ నాలుగునాళ్ళ ముచ్చటే. దానికి అలవాటు పడిపోకు సిమ్మాలూ.”

అలవాటు పడకుండా ఉండటం ఎలాగో నాకు తెలియదు. పిన్ని చేతి ముద్దలు బాగుండేవి. ఆవపెట్టి వండిన పనసపొట్టు కూర ఆమె వచ్చాకే తిన్నాను. బడికి పెట్టే డబ్బాలో రొట్టెల పక్కన చిన్న బెల్లంముక్క తప్పకుండా ఉండేది. నేను మాత్రం ఆమె పక్కన కూర్చోవలసి వస్తే కాస్త జరిగి కూర్చునేదాన్ని. ఆమె పిలిస్తే వినపడనట్టు పెరట్లోకి పోయేదాన్ని. చాటుగా చూసేదాన్ని: బుగ్గలు లోపలికి పోతున్నాయా, దగ్గుతోందా, మెట్లెక్కితే ఆయాసపడుతోందా అని. అమ్మ విషయంలో నేను గమనించని వాటన్నిటినీ పిన్ని ముఖంలో వెతికేదాన్ని. పిన్ని ఏమనుకుందో నాకు తెలియదు. తల్లి పోయిన పిల్ల, దగ్గరికి రాదు అనుకుని ఉంటుంది. ఒక్కసారి కూడా చెయ్యి పట్టి లాగలేదు.

వేసవి సెలవులిచ్చారు. నాన్నకు ఆ వారం నైట్ షిఫ్టు. మామ్మ వరండాలో నీడకు చాప వేసుకుంది. నేను వంటింటి గడపలో కూర్చుని ఉన్నాను. పిన్ని మెంతులు వేయిస్తోంది. ఆ కమ్మటి చేదు వాసనలో ఎందుకో నాకు ఉగ్గబట్టుకోలేనంత దిగులు వచ్చింది. గుసగుసగా అడిగేశాను.

“పిన్నీ, నీకేటి బీమారీ?”

ఆమె గరిటె ఆపింది. “నాకేటి బీమారీ? ఎవులు సెప్పినారు?”

“బిళ్ళలేసుకుంతావు గదా, డబ్బాలోవి.”

కాసేపు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాన్న లేస్తాడని చప్పుడు కాకుండా, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా ముఖం చూసి ఆగిపోయింది.

“అయితే ఇన్నాళ్ళూ నేను పోతాననుకున్నావేటి?”

తల ఊపాను. ఆమె స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుని, స్టూలు వేసుకుని డబ్బా దించింది. గడప దగ్గర నా ఎదురుగా కూర్చుని, తెల్లటి తువ్వాలు పరిచి, మూత తీసి మెల్లగా వంచింది. దూది మధ్యలోంచి, గుడ్డముక్కల్లోంచి నల్లటివి, పచ్చటివి, బూడిదరంగువి, వంకరవి, అరిగినవి చిన్నచిన్న లోహపు బిళ్ళలు జారిపడ్డాయి. వానలు పడి దుక్కులు దున్నేటప్పుడు ఆ కొండ చుట్టుపక్కల చేలల్లో ఇవి బయటపడేవట. రైతులు పనికిరానివని గట్టు మీదికి విసిరేస్తే పంతులుగారు ఏరుకొచ్చేవారట. ఎవరో రాజుల నాటివి, మనకు పేర్లు కూడా తెలియని వాళ్ళవి అంది పిన్ని. మా నాన్న జీవితమంతా ఏరినవి అని, ఒక్కొక్కటే చూపుడువేలితో కదిలించింది.

నేను వరండాలోకి పరుగెత్తి మామ్మను లేపాను. మామ్మ వచ్చి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, అన్నిటికంటే పెద్దదాన్ని తీసి మిగిలిన పళ్ళతో కొరికి చూసింది. ఇవి చెల్లుతాయా అని అడిగింది. చెల్లవత్తా అంది పిన్ని. చెల్లనివాటిని రైల్లో మోసుకురావడమెందుకంది మామ్మ. పిన్ని తువ్వాలు అంచు సరిచేసింది. మామ్మ ఆ బిళ్ళను కొంగుతో తుడిచి, తీసినచోటే జాగ్రత్తగా పెట్టి, మళ్ళీ వెళ్ళి చాప మీద పడుకుంది. ఆ సాయంత్రం కూరలోని పెద్ద చేపముక్క పిన్ని కంచంలో పడింది. మా ఇంట్లో క్షమాపణ అంటే అదే.

ఆ మర్నాడు పిన్ని నన్ను పిలిచి డబ్బా నా ముందు పెట్టింది. “ఇందులో ఒకటి నీది. బడి తెరిచీలోగా ఎంచుకో. తొందర నేదు” అంది. ఆ వేసవంతా నాకు అదే పని. భోజనాలయ్యాక, గిన్నెలు కడిగాక, ఇల్లంతా సద్దుమణిగాక మేమిద్దరం వంటింటి గచ్చు మీద బోర్లా పడుకునేవాళ్ళం. గచ్చు చల్లగా పొట్టకు తగిలేది. కిటికీ ఊచల నుంచి వచ్చిన ఎండ తువ్వాలు మీద చారలు చారలుగా పడేది. ఆ ఎండలో నాణేలు ఒకటొకటే పైకి తేలినట్టుండేవి. సీసపు బిళ్ళ మీద తొండమెత్తిన ఏనుగు. రాగిబిళ్ళ మీద పొడుగు కోటు తొడుక్కుని నిలబడ్డ మనిషి. వాడు అచ్చం ప్లాంటు గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డులా ఉన్నాడంటే పిన్ని మళ్ళీ కొంగు కుక్కుకుంది. గోరంత రాగిరేకులు, వాటి మీద ఏముందో చెప్పలేని గీతలు. నాలుగు పలకల వెండిబిళ్ళ ఒకటి, అంచులు కత్తిరించినట్టు వంకరగా ఉండి, దాని మీద సూర్యుడు, కొండ, కొండ మీద నెలవంక గుద్దినట్టుండేవి. ఒక బూడిదరంగు బిళ్ళ మీద రెండు నిట్రాళ్ళు, వాటికి కట్టిన తాళ్ళు కనిపించేవి. నేను దాన్ని టీవీ యాంటెన్నా అన్నాను. మా బ్లాకు మీద అలాంటివే వరసగా ఉండేవి మరి. కాదు, నావ అంది పిన్ని. కళింగపట్నం నుంచి సముద్రం మీద ఎక్కడెక్కడికో వెళ్ళిన నావలట.

నేను అప్పటికి సముద్రం చూడలేదు. చూడలేదని తెలిసి పిన్ని నోరు తెరిచింది. అది విన్న నాన్న ఆ ఆదివారం సాయంత్రం నన్ను సైకిలు ముందు కడ్డీ మీద, పిన్నిని వెనక కూర్చోబెట్టుకుని మరోదా చెరువుకు తీసుకెళ్ళాడు. ప్లాంటుకు నీళ్ళిచ్చే పెద్ద చెరువది. అవతలి గట్టు మసగ్గా ఉంది. నీళ్ళ మీద ఎండ ఎర్రబడి, దూరంగా చిమ్నీల పొగ కూడా ఎర్రబడి, రెండూ ఎక్కడ కలిశాయో తెలియలేదు. సముద్రం ఇలాగే ఉంటుందా అని అడిగాను. పిన్ని చాలాసేపు చూసి, ఇది మాట్లాడదు, అది ఊరికే మాట్లాడుతూ ఉంటాది అంది. నాన్న వేరుశనక్కాయలు కొని తెచ్చాడు. తిరిగొస్తుంటే నా తల ఆయన గడ్డానికి తగులుతూ ఉంది, పిన్ని చెయ్యి వెనక నుంచి వచ్చి నా భుజం మీద ఉంది. దాన్ని నేను తీసెయ్యలేదు.

ఆనాటి నుంచి నా కళ్ళు నావ మీదికే పోయేవి. కానీ ఒకటి గమనించాను. డబ్బా దించినప్పుడల్లా పిన్ని నావబిళ్ళనే ముందు తీసేది, వేలితో తుడిచేది, తువ్వాలు మీద పైన పెట్టేది. అది ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలిసిపోయింది. నీకేది ఇష్టం అని ఎవరడిగినా ఆమె చెప్పేది కాదు. చెబితే పిల్ల అదే తీసుకుంటుందనో, తీసుకోకుండా ఉంటుందనో అనేది. నాన్న వెండిది తీసుకోమన్నాడు. మామ్మ అన్నిటికంటే బరువైనది తీసుకోమంది. నేను మాత్రం మనసులో ఒట్టు పెట్టుకున్నాను, నావ తీసుకోనని. తండ్రి లేని మనిషి, ఊరు వదిలి వచ్చింది, ఆమె నావ ఆమెకే ఉండాలి. మరి తీసుకోవలసింది ఏదో తేలలేదు.

తేలకముందే పిన్ని మంచం పట్టింది. ముందు అన్నం సయించలేదు, తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. నాన్న ఆమెను ప్లాంటు ఆస్పత్రిలో చేర్చాడు. పచ్చకామెర్లు బాగా ముదిరాయన్నారు. పిల్లల్ని వార్డులోకి రానివ్వరు. నేను కింద వేపచెట్టు దగ్గర నిలబడితే పై కిటికీలోంచి నాన్న చెయ్యి ఊపేవాడు, పిన్ని కనిపించేది కాదు. పొద్దున్నుంచి చీకటిపడేదాకా మామ్మ ఆస్పత్రిలోనే ఉండేది. ఆ నర్సులతో, డాక్టర్లతో ఆమె ఏ భాషలో మాట్లాడిందో తెలియదు గానీ, వార్డంతా ఆమెను అమ్మా అనడం మొదలుపెట్టారట. ఒకరోజు మామ్మ ఇంటికి వచ్చి చుట్ట కూడా ముట్టించకుండా వరండాలో చాలాసేపు కూర్చుంది. చివరికి తనలో తాను అనుకున్నట్టు, నా నోటి మాటే తగిలినాది దానికి అంది. ఆ తర్వాత నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.

బడి తెరిచారు. ఒక సాయంత్రం నాన్న ఆస్పత్రి నుంచి వచ్చి సైకిలు స్టాండు వేస్తూ, ఎంచుకున్నావా అని పిన్ని అడగమందన్నాడు. ఇంకా నేదని సెప్పు నానా అన్నాను. మర్నాడూ అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను. నేను ఎంచుకోకపోతే ఆమె రావాలి. డబ్బా దించి, తువ్వాలు పరిచి, నా చేతిలో పెట్టాలి. ఎంచుకున్నానని చెప్పేస్తే ఆమెకు ఇక ఇక్కడ చెయ్యవలసిన పని ఉండదని నాకు గట్టిగా అనిపించింది. స్టూలెక్కితే డబ్బా నా చేతికి అందేది. ఒక్కసారి కూడా దించలేదు. బడి నుంచి వచ్చి వంటింట్లో నిలబడి కింద నుంచి దాన్ని చూసేదాన్ని, అంతే.

వానలు బాగా పట్టాక పిన్ని ఇంటికి వచ్చింది. మెడ సన్నబడి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మామ్మ పెరట్లో గోడవార నేల ఉసిరి మొక్కలు వెతికి పీకి, నూరి మజ్జిగలో కలిపి ఇచ్చింది. నూనె లేకుండా, కారం లేకుండా వండి, కలిపి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. పిన్ని వద్దత్తా, నేను తింటాను అంటే, నోరు తెరు అనేది తప్ప ఇంకేమీ అనేది కాదు. చుట్ట తాగాలంటే వాన పడుతున్నా గొడుగేసుకుని గేటు దగ్గరికి పోయేది. నేను బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీతోనే పిన్ని మంచం మీద ఎక్కి కూర్చునేదాన్ని. అలవాటు పడిపోయానని నాకు తెలుసు. మామ్మకూ తెలుసు.

వాన తెరిపిచ్చిన ఒక సెలవునాటి పొద్దున, వరండాలో లేత ఎండ పడుతుంటే పిన్ని డబ్బా తెమ్మంది. నేనే స్టూలెక్కి దించాను. తువ్వాలు పరిచింది. ఎప్పటిలాగే నావబిళ్ళ తీసి తుడిచి ముందు పెట్టింది. నేను దాని మీదుగా చెయ్యి చాచి నాలుగు పలకల వెండిబిళ్ళ తీశాను.

“అదేనేటి?” అంది పిన్ని.

“ఇదే.”

ఆమె చూపు నా చేతి మీద కాస్త ఆగింది. “మంచిది. శానా మంచి బిళ్ళ” అంది. కొత్త గుడ్డముక్క చింపి, అందులో చుట్టి, నా గుప్పిట్లో పెట్టి గుప్పిట మూసింది. నేను దాన్ని జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాను. నావను ఆమెకు మిగిల్చానన్న సంతోషంతో ఆ రోజంతా గాలిలో తేలాను.

తర్వాత గౌరి పుట్టింది. మామ్మ పిన్ని చేతి ముద్దలే తింటూ పోయింది. నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి రిసాలిలో సొంత ఇంటికి మారారు. నేను ఉద్యోగం మీద విజయనగరం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. నన్ను అక్కడ తెలుగు పిల్ల అనేవారు, ఇక్కడికి వస్తే హిందీ యాస అన్నారు. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి గదికీ ఒక తలుపు, ప్రతి మనిషికీ ఒక గది. ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు మేలుకున్నారో ఒకరికొకరికి తెలియదు. పిల్లలకు ఏదైనా ఎంచుకోమంటే ఫోను చూస్తూనే వేలు పెట్టి చూపించేస్తారు, మర్నాటికి మరిచిపోతారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ ముందు రోజుకు వెయ్యి వస్తువులు పరుస్తున్నాం. ఒక్క వస్తువు కోసం ఒక వేసవి మొత్తం బోర్లా పడుకునే తీరిక నాకు మాత్రం ఇప్పుడుందా? ఆనాడు మాకు లేనివి చాలా ఉండేవి. ఆ మధ్యాహ్నాలు మాత్రం ఉండేవి. వాటిని తలుచుకుంటే గచ్చు చల్లదనం ఇప్పటికీ పొట్టకు తగులుతుంది.

పిన్నిని నేను చివరిదాకా పిన్నీ అనే పిలిచాను. ఆమె ఇంకోలా పిలవమని అడగలేదు. నాన్న పోయిన ఏడాది తర్వాత నేను సెలవు పెట్టి రిసాలి వెళ్ళాను. ఇద్దరం బియ్యంలో రాళ్ళేరుతున్నాం. ఏదో మాటల్లో, అప్పట్లో నీకు నావ ఎంత ఇష్టమో నాకు తెలుసు పిన్నీ, అందుకే దాన్ని ముట్టుకోలేదు అన్నాను. ఇన్నేళ్ళకు చెప్పాను కదా, మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె చేట కింద పెట్టి నా వైపు విచిత్రంగా చూసింది.

“నాకా? నావ నీకిష్టమనే గదా రోజూ నీ ముందు పెట్టేదాన్ని. నువ్వు తీసుకుంటావనీసి.”

“మరి నీకిష్టమైనదేది?”

ఆమె మళ్ళీ చేట తీసుకుంది. కాసేపు రాళ్ళేరింది. ఆ డబ్బాలోవన్నీ మా నాన్నవేనే అంది. ఒక్కటే తనదట. చిన్నప్పుడు వాన వెలిశాక తండ్రి వెంట కొండ దిగుతుంటే వట్టికాలికి ఏదో గుచ్చుకుందట. ఏడుస్తూ కూర్చుంటే ఆయన బురదలో తడిమి తీసి, కడిగి, నీ కాలికి దొరికింది కాబట్టి ఇది నీదమ్మా అని చేతిలో పెట్టాడట. నాలుగు పలకలుగా ఉంటే అంచు గుచ్చుకోదా మరి అని నవ్వింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఏదైనా తీసుకోమన్నాను గదా, తీసుకున్నావు, మరేటి సెప్తాను అంది. ఆ మాటలో బాధ లేదు, గొప్ప లేదు. బియ్యం ఏరుతూనే అంది. నా జామెట్రీ బాక్సు ఎప్పుడో పోయినా ఆ బిళ్ళను ఎప్పుడూ నా పర్సులోనే ఉంచుకుంటాను. లేచి వెళ్ళి తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఉంచుకో పిన్నీ, ఇది నీది అన్నాను. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని, గుమ్మంలో వెలుతురుకు జరిగి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంత సిన్నదేటి అంది. బొటనవేలితో ఆ కొండను, నెలవంకను తడుముతూ చాలాసేపు అక్కడే కూర్చుంది. నేను అన్నం వార్చాను, కూర దించాను, పిలిస్తే కూడా వెంటనే లేవలేదు.

ఆ రోజంతా అది ఆమె దగ్గరే ఉంది. మర్నాడు పొద్దున రైలుకు బయలుదేరుతూ నేను ఆ మాట ఎత్తలేదు, ఆమే ఉంచుకుందని తేలికపడ్డాను. గౌరి స్కూటీ స్టార్ట్ చేసింది. పిన్ని గేటు దాకా వచ్చి, నా చెయ్యి అందుకుని, కొత్త గుడ్డముక్కలో చుట్టిన దాన్ని గుప్పిట్లో పెట్టి వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

“నీ బిళ్ళ మరిసిపోతన్నావు” అంది.